నలభై నాలుగు గంటల రాహుకాలం

1వ రోజు, ఉదయం 11 గంటలు

ఈ ఉదయం తొమ్మిదింటికి నా ఉద్యోగం పోయింది. పదిన్నరకి ఇంగువ వేయించాను.

ఈ రెండింటికీ సంబంధం ఉంది కాబట్టి రాస్తున్నాను. పని పోయినవాళ్లు రోజూ ఏం చేశారో ఉన్నదున్నట్టు రాసి భృతి ఇచ్చేవాళ్లకి చూపించాలని, ఆఫీసువాళ్లిచ్చిన ఈ పుస్తకం అట్ట మీద ఉంది.

నా పేరు వరహాలమ్మ. వయసు యాభై. పదో తరగతి ప్యాసయ్యాను. మా ఊరు వెన్నెలదిబ్బ గాలి ఆఫీసులో ఇరవై ఒక్క సంవత్సరాలు వాసన చూసే పని చేశాను. ఉదయం ఐదింటికి మొదలుపెట్టి నలభై రెండు గాలి గొట్టాల దగ్గర ముక్కు పెట్టాలి. బూజు వాసన ఉందా, కాలిన వైరు వాసన ఉందా, ఏమీ లేదా అని చూసి పలక మీద గుర్తు పెట్టాలి. ఇన్నేళ్లలో పదకొండుసార్లు బూజు, రెండుసార్లు వైరు. మిగతా అన్నిసార్లూ ఏమీ లేదు. చంద్రుడి మీద సొరంగాల్లో బతికేవాళ్లకి ఏమీ లేకపోవడమే మంచి కబురు.

ముక్కు చెడిపోకూడదని ఆఫీసువాళ్లు నాకు కొన్ని నియమాలు పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ తినకూడదు. తలకి నూనె రాయకూడదు. కర్పూరం, అగరువత్తి ఇంట్లో వెలిగించకూడదు. ఇరవై ఒక్క ఏళ్లు మా అప్పన్నస్వామికి వాసన లేని పూజ చేశాను. ఆయన ఏమీ అనలేదు కానీ, నాకే చిన్నతనంగా ఉండేది.

ఇప్పుడు నా చోట ఒక యంత్రం వచ్చింది. పెసరగింజంత ఉంది. ఒక్కో గొట్టానికి ఒకటి అతికించారు. ఉత్తరం ఇస్తూ ఆఫీసరు గారు కళ్లు తుడుచుకున్నారు.

"ఏమీ అనుకోకండమ్మా. అది సెలవు కూడా అడగదు" అన్నారు.

"పోనీలెండి బాబూ, పాపం దానికి ఉల్లిపాయ తినాలని కూడా ఉండదు" అన్నాను.

ఉత్తరంలో ఉన్నది ఇది. డెబ్బై రెండు గంటల్లోపల నిరుద్యోగ భృతి కిటికీ దగ్గరికి నేనే వెళ్లి వేలిముద్ర వేస్తే సంవత్సరం పాటు గాలి, నీళ్లు, తిండి, ఇల్లు ఇస్తారు. వేయకపోతే వచ్చే ఓడలో భూమ్మీదికి పంపేస్తారు. భూమ్మీద నా కాళ్లు నన్ను మోయవని డాక్టరు గారు ఆరేళ్ల కిందటే చెప్పారు. అక్కడ మంచం దిగకుండా బతకాలి. ఇక్కడైతే ఒక్క గెంతుకి ఆరు మూరలు పోతాను. కాబట్టి వేలిముద్ర వేస్తాను. అందులో ఆలోచించేదేముంది?

ముందు ఇంగువ సంగతి చూడాలి. ఆ వాసనకి వంటింట్లో నేల మీంచి రెండుసార్లు ఎగిరాను. చీర కుచ్చిళ్లకి బరువు కోసం ఇనుప గుళ్లు కుట్టుకుంటాం కాబట్టి సరిపోయింది, లేకపోతే పైకప్పుకి తల తగిలేది.

1వ రోజు, సాయంత్రం

పైడమ్మ వదిన వచ్చింది. పక్క గుమ్మమే. ఆకుకూరల గదిలో పని చేస్తుంది. నన్ను ఓదార్చడానికి ముఖం వేలాడేసుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మో! ఇది ఉజ్జోగం పోయిన ఇల్లా, పెళ్లివారి విడిదా?"

"వాసన చూడు వదినా."

"నాను సూసీదేటి, సొరంగమంతా సూస్తంది. ఐదో మలుపు కాడ్నించి ముక్కట్టుకుని ఒచ్చేను. పైడితల్లి సాచ్చిగా, ఇన్నాళ్లూ నువ్వు డూటీకెల్లేకే మా ఇంట్లో అగరొత్తి ముట్టించీదాన్ని. ఇంద, తీసుకో. ఈ వారం మా ఇంటి నిప్పు వాటా."

ఒక అగరువత్తి, ఒక అగ్గిపుల్ల. అంతే మా వాటా, ఇంటికి వారానికొకటి. ఇద్దరం స్వామి ముందు కూర్చుని వెలిగించాం. పొగ తిన్నగా పైకి పోకుండా చిన్న బంతిలా అయ్యి, స్వామి ముక్కు దగ్గర కాసేపు నిలబడింది. నాకు నవ్వు ఆగలేదు. వదినకి కూడా ఆగలేదు.

"సర్లే, బృతి కాయితం ఇచ్చీసేవా?" అని అడిగింది.

"మూడు రోజులుంది కదా. రేపు పులిహోర చేసి, స్వామికి పెట్టి, అందరికీ పంచి వెళ్తాను. వట్టి చేతులతో ఎలా వెళ్లను?"

"ఆఫీసుకెల్తన్నావా, పేరంటానికెల్తన్నావా?"

"ఎక్కడికైనా అంతే కదా వదినా."

2వ రోజు, సాయంత్రం 7 గంటలు

ఇంగువ వేసిన పులిహోర ముప్పై ఎనిమిది ఇళ్లకి పంచాను. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టారు. ఒక ఇంట్లో తలకి సంపంగి నూనె రాశారు. రెండో ఇంట్లో వెల్లుల్లి కారం పెట్టారు. మూడో ఇంట్లో ఏం పెట్టారో తెలియదు, అప్పటికి నా ముక్కు పండగ చేసుకుంటోంది.

మధ్యలో, గొట్టంలో గాలి ఊది పంపే టపాలో భృతి కిటికీ నుంచి ఒక చీటీ వచ్చింది. "అమ్మగారికి నమస్కారం. ఈ కిటికీ తెరిచి పధ్నాలుగేళ్లయింది. ఈ ఊళ్లో ఎవరికీ పని పోలేదు కాబట్టి ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు. మీరే మొదటివారు. కుర్చీ తుడిచి ఉంచాను. త్వరగా రాగలరు. ఇట్లు, జోసెఫ్ రత్నం, గుమస్తా."

పాపం అనిపించింది. ఆయనకి కూడా ఒక గిన్నెలో పులిహోర పెట్టుకుని, ఆరు గంటల ఐదు నిమిషాలకి బయల్దేరాను. గుడి మలుపులో పూజారి మార్కండేయ శర్మ గారు ఎదురయ్యారు.

"ఎక్కడికి తల్లీ?"

"భృతి కిటికీకండీ. వేలిముద్ర వేయాలి."

ఆయన ట్రాఫిక్ పోలీసులా చెయ్యి అడ్డంపెట్టారు. "కొత్త పనా? ఆగు. రాహుకాలం వచ్చి పది నిమిషాలైంది."

గిన్నె పట్టుకుని ఆగిపోయాను. ఇక్కడ మాకు రెండు రకాల వారాలున్నాయి. గడియారం వారాలు ఆఫీసుకి, సూర్యుడి వారాలు దేవుడికి. ఇక్కడ సూర్యుడు ఒకసారి ఉదయిస్తే పదిహేను రోజుల దాకా అస్తమించడు. మళ్లీ ఉదయించేవరకూ దేవుడి లెక్కలో ఒకటే వారం. ఇప్పుడు నడుస్తున్నది ఆదివారం. మొదలై పదమూడు రోజులైంది. ఆదివారం నాడు పగటిలో ఆఖరి ఎనిమిదో వంతు రాహుకాలం. భూమ్మీద అది గంటన్నర. ఇక్కడ నలభై నాలుగు గంటలు.

"ఎప్పుడు పోతుందండీ?"

"సూర్యాస్తమయంతో. ఎల్లుండి మధ్యాహ్నం రెండింటికి."

నా గడువు ఎల్లుండి ఉదయం తొమ్మిదింటికి. ఐదు గంటలు తక్కువ.

సంగతి చెప్పగానే శర్మ గారి ముఖం మాడిపోయింది. "నిన్న ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి కదమ్మా!"

"నిన్న ఇంగువ వేయిస్తున్నానండీ" అన్నాను.

రత్నం గారికి తెచ్చిన పులిహోర శర్మ గారికి ఇచ్చేసి ఇంటికి వచ్చాను. ఇరవై ఒక్క ఏళ్లలో కొత్తగా ఏదీ మొదలుపెట్టని మనిషిని. పంచాంగం చూసే అలవాటే పోయింది.

3వ రోజు

ఊరంతా మా ఇంట్లోనే ఉంది. పైడమ్మ వదిన ముందుగా మొదలుపెట్టింది.

"ఒలే వరాలూ, నీకో మాట సెప్తాను ఇను. రాహువు మింగీది ఎవుల్ని?"

"చంద్రుణ్ణి."

"మరి మనం కూకున్నది ఎక్కడ? ఆడి కంచంలోనే కదేటి! ముద్దలో కూకున్నోలకి రాహుకాలమేటే? ఎల్లి ఏలు ముద్దర ఎయ్యి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ వెళ్లలేదు.

అప్పుడు వదిన ఈ పుస్తకం తీసుకుని శర్మ గారి ముందు పెట్టింది. "ఇదిగో పంతులుగోరూ, ఈ బృతి పుస్తకం మొన్న పొద్దున్నే రాయడం మొదలెట్టీసింది. మొదలెట్టిన పని సాగించీడానికి తప్పు నేదు కదేటి?"

శర్మ గారు కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివారు. ఇంగువ దగ్గర ఆగి నవ్వుకున్నారు. తర్వాత తల అడ్డంగా ఊపారు. "ఇది దినచర్యమ్మా. దరఖాస్తుకి ప్రాణం వేలిముద్ర. అది కొత్తగా వేయాల్సిందే."

మధ్యాహ్నం రత్నం గారు స్వయంగా వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. చంకలో సంచి, సంచిలో కాగితాలు, వేలిముద్ర పలక.

"కిటికీ నేనే మోసుకొచ్చానమ్మగారూ. ఇక్కడే వేసేయండి. ఇంట్లో వేస్తే రాహువుకి తెలియదేమో!"

"క్షమించండి బాబూ" అన్నాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. కూర్చుని మంచినీళ్లు తాగారు. "నాకు అర్థమవుతుందండీ. మా అమ్మ ఆదివారం పూట సూదిలో దారం కూడా ఎక్కించేది కాదు. చొక్కా గుండీ ఊడితే సోమవారం దాకా పిన్నీసే. కానీ పైవాళ్లని అడిగాను, గడువు పెంచరట. డెబ్బై రెండంటే డెబ్బై రెండే అంటోంది యంత్రం." గ్లాసు కింద పెట్టి, "మీరు రాకపోతే ఎవరికీ అక్కర్లేదని నా కిటికీ కూడా మూసేస్తారు. అప్పుడు నా భృతి దరఖాస్తు ఎవరు తీసుకుంటారండీ?" అన్నారు.

ఆ మాటకి ఇల్లంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వారు గానీ, పలక సంచిలో పెట్టి, మళ్లీ తీసి, తుడిచి పెట్టారు. అది చూశాను.

అందరూ వెళ్లాక పెట్టె తీసి చీరలు సర్దాను. రాహువు కిటికీ దగ్గర కూర్చుని ఎవరు ముద్ర వేస్తున్నారా అని చూస్తాడని నేను అనుకోను. కానీ ఇరవై రెండో గొట్టం నీళ్ల ట్యాంకు వెనక ఉంటుంది. అక్కడికి పాకుతూ వెళ్లాలి. వెళ్లకుండా పలక మీద గుర్తు పెడితే ఎవరికీ తెలియదు. నేను రోజూ పాకుతూనే వెళ్లాను. నాకు బతకడం అలాగే చేతనవును. భయపడుతూ సంవత్సరం ఉండటం కంటే మంచం మీద హాయిగా ఉండటం నయం అనుకున్నాను. అనుకున్నానే గానీ, కుచ్చిళ్లలో ఇనుప గుళ్లు విప్పి దాచడానికి మాత్రం చాలాసేపు పట్టింది. భూమ్మీద వాటితో పని లేదు.

4వ రోజు, ఉదయం 6 గంటలు దాటాక

నాలుగున్నరకే మెలకువ వచ్చింది. చూడటానికి గొట్టాలు లేవు. కాళ్లు ఊరుకోవు కదా, మొదటి గొట్టం దాకా తీసుకెళ్లాయి. దాని పక్కనే పై గదికి మెట్లున్నాయి. నల్ల అద్దాల కప్పున్న గది. బయట చూడాలనుకునేవాళ్ల కోసం కట్టారు. ఎవరూ వెళ్లరు, చూడటానికి రాళ్లే కాబట్టి. ఇన్నేళ్లలో నేనూ ఎక్కలేదు, ఆ వేళకి నాకు డ్యూటీ.

ఎక్కాను. మెట్లెక్కడం కొత్త పని కిందికి రాదు.

మా ఊరు పెద్ద గిన్నె లాంటి గుంట అడుగున ఉంది. చుట్టూ కొండ గోడ. పడమటి గోడ మీద, నల్లటి ఆకాశంలో, సూర్యుడు. ఆయనకీ గోడకీ మధ్య ఇంకో ఇద్దరు సూర్యుళ్లు పడతారు. అంతే.

నమస్కారం పెట్టుకున్నాను. పెట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. పంచాంగంలో అస్తమయం మధ్యాహ్నం రెండింటికి. ఇంకా ఎనిమిది గంటలుంది. ఇక్కడేమో ఈయన గోడ దిగడానికి సిద్ధంగా ఉన్నాడు!

గోడకున్న ఫోను తీసి శర్మ గారిని లేపాను.

"శర్మ గారూ, మన పంచాంగం ఎక్కడ లెక్క కడతారండీ?"

"కిందే, భూమ్మీద. ఏం తల్లీ, ఈ వేళప్పుడు?"

"చదునైన నేలకి కడతారాండీ?"

"చంద్రుడంతా ఒకటే లెక్క."

"మరి మన గుంటకి గోడ ఉందని వాళ్లకి తెలుసాండీ?"

అటువైపు మంచం కిర్రుమంది. తర్వాత చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.

4వ రోజు, ఉదయం 7:45 నుంచి

శర్మ గారు పదకొండేళ్ల తర్వాత పై గదికి వచ్చారు. పైడమ్మ వదిన వెనక నుంచి తోసింది. ఆయనకి ఎత్తంటే భయం. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఒక కన్ను తెరిచి చూశారు.

"అస్తమయం అంటే ఏమిటండీ?" అని అడిగాను.

"సూర్యుడు కనబడకుండా పోవడం."

"ఎవరికండీ?"

"ఎవరికేమిటమ్మా, ఆ ఊళ్లో ఉండి చూసేవాడికి..." అని ఆగిపోయారు. రెండో కన్ను కూడా తెరిచారు. "అయ్యో. ఇన్నేళ్లూ మనం వేరే ఊరి ఆదివారం చేసుకున్నాం!"

"అయితే ఎల్లొచ్చా?" అంది వదిన.

"ఆగవమ్మా! ఆయన పూర్తిగా దిగాలి. వెంట్రుకంత కనబడుతున్నా నేను ఒప్పుకోను."

అప్పుడే సూర్యుడి అంచు గోడకి తగిలింది. ఇక్కడ ఆయన దిగడానికి గంట పైనే పడుతుంది. తొమ్మిదికి గంటంపావు ఉంది.

"నువ్వు కిటికీ కాడికెల్లు" అంది వదిన. "పంతులుగోరు సూసి ఫోనులో సెప్తారు. నాను మెట్ల కాడ మలుపులో నిలబడి అరుస్తాను. నా గొంతు ఫోను కంటే దూరం పోద్ది."

మూడు సొరంగాలు గెంతుకుంటూ వెళ్లాను. కుచ్చిళ్లలో ఇనుప గుళ్లు లేవన్న సంగతి మొదటి గెంతులోనే తెలిసింది. చీర చేత్తో పట్టుకుని, రెండోచేత్తో పైకప్పుని తోసుకుంటూ పోయాను. అడ్డొచ్చినవాళ్లు గోడకి అంటుకుని దారి ఇచ్చారు. నవ్వుతూనే ఉన్నాను. ఏమవుతుందో తెలియదు, అయినా నవ్వు వస్తూనే ఉంది.

4వ రోజు, ఉదయం 10 గంటలు

ఇప్పుడు స్థిమితంగా రాస్తున్నాను.

నేను వెళ్లేసరికి రత్నం గారు కిటికీ తెరిచి, టై కట్టుకుని ఉన్నారు. కుర్చీ నిజంగానే తళతళలాడుతోంది. కూర్చున్నాను. పలక మీద బొటనవేలు ఆనకుండా జానెడు ఎత్తులో పట్టుకున్నాను. వెనక నలభై మంది చేరారు.

ఎనిమిదీ ఇరవైకి ఫోనులో శర్మ గారు: "సగం దిగాడు."

ఎనిమిదిన్నరకి: "మామిడికాయ ముక్కంత."

ఎనిమిదీ నలభై రెండుకి: "గోరంత."

ఎనిమిదీ నలభై తొమ్మిదికి చూస్తే మళ్లీ మొదటికొచ్చింది. "అయ్యయ్యో! ఇక్కడ గోడకి ఒక పన్ను ఊడిపోయిందమ్మా. ఆ సందులోంచి కనబడుతున్నాడు."

"ఎంత?" అని అరిచారు రత్నం గారు.

"మిరపగింజంత!"

"మిరపగింజని వదిలెయ్యండి పంతులు గారూ!"

"ఎలా వదిలేస్తానయ్యా, సూర్యుడాయన!"

నా చెయ్యి గాలిలో నొప్పెడుతోంది. స్వామిని ఏమీ అడగలేదు. 'మీ ఇష్టం, కానీ నాకు నవ్వొస్తోంది, క్షమించండి' అని మాత్రం అనుకున్నాను. యాభై రెండు. యాభై నాలుగు. అందరూ గడియారం వైపే చూస్తున్నారు. యాభై ఏడుకి, ఫోను కంటే ముందే మలుపులోంచి పైడమ్మ వదిన గొంతు వినబడింది.

"పోయేడ్రోయ్! మాయదారి సూరీడు పోయేడు! ఎయ్యవే వరాలూ!"

వేశాను. పలక ఎర్ర దీపం చూపించింది. 'ముద్ర పోల్చుకోలేకపోయాం' అంది యంత్రం.

"సంపంగి నూనె!" అన్నాను. మొన్నటి నుంచి తల నిమురుకుంటూనే ఉన్నాను కదా. రత్నం గారు కిటికీలోంచి సగం బయటికొచ్చి, మెడలో టై తీసి, నా బొటనవేలు ఇత్తడి చెంబు తోమినట్టు తోమారు. మళ్లీ వేశాను. పచ్చ దీపం. ఎనిమిది గంటల యాభై తొమ్మిది నిమిషాల ఆరు సెకన్లు.

నలభై మందీ ఒక్కసారి ఎగిరారు. పైకప్పుకి పదిహేను తలలు తగిలాయి. రత్నం గారు నిలబడి, గొంతు సవరించుకుని, యంత్రం కక్కిన కాగితం చదివారు. "గాలి, నీళ్లు, తిండి, ఇల్లు. ఈ రోజు నుంచి ఒక సంవత్సరం. పేరు, వరహాలమ్మ. స్థితి, నిరుద్యోగి." ఆ ఆఖరి మాటకి అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాగితం కళ్లకద్దుకున్నాను.

కాసేపటికి శర్మ గారు చమటలతో దిగి వచ్చారు. ఆయన ఎత్తు భయం ఏమైందో తెలియదు, మెట్లు నాలుగేసి గెంతారట.

"తల్లీ, మన పంచాంగం మనమే రాసుకోవాలి. ఉదయం, అస్తమయం, గోడలో ఊడిన పళ్లు, అన్నీ పైకెక్కి చూడాలి. ఏమరుపాటు లేకుండా, ఉన్నది ఉన్నట్టు గుర్తుపెట్టే మనిషి కావాలి. గుడి తరఫున ఉద్యోగం ఇస్తాను. వచ్చి చేరు."

"ఓలమ్మో!" అంది పైడమ్మ వదిన. "పంతులుగోరూ, మీకు బుద్దుందా? దానికి బృతి ఒచ్చి గంట కాలేదు, అప్పుడే ఉజ్జోగం ఇచ్చీడమేటి!"

రత్నం గారు వేలిముద్ర పలక గుండెకి హత్తుకున్నారు. "పధ్నాలుగేళ్లకి ఒక్క నిరుద్యోగి దొరికారండీ! కొన్నాళ్లయినా ఉండనివ్వండి!"

అందరూ నా వైపు చూశారు. శర్మ గారిని కాదనడం నాకు చేతకాదు. రత్నం గారిని బాధపెట్టడమూ చేతకాదు. నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టమే. మెల్లగా చెప్పాను, ముందు వరసవాళ్లు వెనకవాళ్లకి అందించారు.

"తప్పకుండా చేరతానండీ. రేపు పొద్దున్న సూర్యుడు రాగానే."

శర్మ గారు సంతోషంగా తల ఊపారు. ఊపుతూ ఊపుతూ ఆగి, వేళ్ల మీద లెక్క పెట్టుకున్నారు.

సూర్యుడు రావడానికి ఇంకా పదిహేను రోజులుంది.